పళ్ళకు గ్రీజు, నాలుకకు నూనె

పిల్లలూ, ముందుగా మీకొక పొడుపుకథ వేస్తాను. విప్పండి చూద్దాం.

ఒళ్ళంతా పళ్ళే, కాని అన్నం తినదు. ఒకటే నాలుక, కాని మాట్లాడదు, టక్కుటక్కుమని చప్పుడు మాత్రం చేస్తుంది. పదిమంది మోయలేని బరువును ఒక మనిషి చేత ఎత్తిస్తుంది. ఏమిటది?

మీలో ఎవరైనా కాలువగట్టు మీద పెరిగినవారుంటే చప్పున చెప్పేసి ఉంటారు. తక్కినవారికోసం నేనే చెబుతాను. దానిపేరు వించి. గొలుసునో, తాడునో చుట్టుకుంటూ బరువును పైకి లాగే చేతియంత్రం. దాని పళ్ళకూ నాలుకకూ చేసే సేవలో నేను చిన్నప్పుడు ఒక పొరపాటు చేశాను. ఆ పొరపాటు వల్ల మా మామయ్యకు చెయ్యి విరిగింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

మా పెద్దమామయ్య బందరు కాలువమీద ఒక లాకు దగ్గర లస్కరుగా పనిచేసేవాడు. లస్కరంటే సిపాయి అనుకునేరు! కాలువల శాఖలో లాకులనూ, తూములనూ కనిపెట్టుకుని ఉండే పనివాడిని మా వైపు లస్కరనే అంటారు. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ప్రతి వేసవి సెలవులకూ నేను మామయ్య యింటికే వెళ్ళేవాణ్ణి. నేను చెప్పబోయేది 1964వ సంవత్సరం నాటి మాట.

విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా 1852లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1855లో పూర్తిచేశారు. అలా కట్టాలని గట్టిగా చెప్పినవాడు ఆర్థర్ కాటన్. దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ ఓర్ అనే ఇంజనీరు. ఆ ఆనకట్ట ఎత్తిపెట్టిన నీళ్ళే కాలువల గుండా డెల్టా అంతటా పారాయి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, ఈ మూడూ విజయవాడ ఊరి మధ్యనుంచే సాగిపోతాయి. నదికి అవతలి గట్టున సీతానగరం వైపునుంచి పడమటి డెల్టా కాలువ బయలుదేరుతుంది.

ఆ రోజుల్లో కాలువలు పొలాలకు నీళ్ళివ్వడమే కాదు, రోడ్ల పని కూడా చేసేవి. ధాన్యం, కొబ్బరికాయలు, సరుగుడు కట్టెలు, ఇటుకలు, అన్నీ పడవలమీదనే. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే యిద్దరు మనుషులు గట్టుమీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. కొమ్మమూరు కాలువ మీదుగా వెళ్ళి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో ప్రవేశించి, మద్రాసు దాకా వెళ్ళే పడవలు కూడా ఉండేవి. నా చిన్నతనానికే లారీలు వచ్చి పడవలు తగ్గిపోతున్నాయి. అయినా తెల్లవారుజామున పొగమంచులోనుంచి తెరచాప ఒక్కటే తేలివస్తున్నట్టు కనిపించిన రోజులు నాకింకా గుర్తున్నాయి.

మరి లాకు అంటే ఏమిటి? డెల్టా నేల చూడటానికి చదునుగా ఉన్నా, సముద్రం వైపుకు కొద్దికొద్దిగా వాలి ఉంటుంది. అందుచేత కాలువను మెట్లు మెట్లుగా తవ్వారు. మెట్టు దగ్గర నీళ్ళు కిందికి దూకుతాయి. నీళ్ళయితే దూకుతాయి కాని, నిండు పడవ దూకగలదా? అందుకని పక్కనే ఒక రాతి తొట్టి కట్టి, దానికి ఎగువనొక జత తలుపులు, దిగువనొక జత తలుపులు పెట్టారు. పడవ తొట్టిలోకి వచ్చాక ఎగువ తలుపులు మూసేసి, దిగువవైపు చిన్న తూము ఎత్తుతారు. తొట్టిలో నీళ్ళు మెల్లగా దిగుతాయి, వాటితోపాటే పడవా దిగుతుంది. నీళ్ళు రెండు వైపులా సమానం కాగానే దిగువ తలుపులు తెరుచుకుంటాయి. పడవ సాగిపోతుంది. ఎక్కిరావలసిన పడవకు యిదే పని తలకిందులుగా చేస్తారు. ఇందులో ఆవిరి లేదు, కరెంటు లేదు. పడవ బరువును నీళ్ళే ఎత్తి దించుతాయి.

లాకు పక్కన పొలాలకు నీళ్ళు వదిలే పెద్ద తూము ఒకటి ఉండేది. దానికి ఇనపపలక తలుపు. ఆ పలకను ఎత్తేదే మన పొడుపుకథలోని వించి.

వించి ఎలా ఉండేదో చెబుతాను. అడ్డంగా ఒక ఇనప డోలు. దానికి గొలుసు చుట్టుకుంటుంది. డోలు చివర అరవై పళ్ళ పెద్ద చక్రం. దాన్ని ఆనుకుని పన్నెండు పళ్ళ చిన్న చక్రం. చిన్న చక్రపు ఇరుసుకు పదిహేను అంగుళాల చేతిపిడి.

మామయ్య నాకు లెక్క యిలా చెప్పాడు. "డోలు నడిమి నుంచి అంచుకు మూడంగుళాలు. పిడి పదిహేను అంగుళాలు. అంటే పిడి దగ్గర నా బలం అయిదింతలైంది. చిన్న చక్రం అయిదుసార్లు తిరిగితే గాని పెద్ద చక్రం ఒకసారి తిరగదు. అక్కడ మళ్ళీ అయిదింతలు. అయిదైదులెంత?"

"ఇరవై అయిదు."

"నేను ఇరవై కిలోల బలం పెడితే?"

"అయిదువందల కిలోలు!"

"అన్నీ మన చేతికి రావులే. వంద దాకా రాపిడి తినేస్తుంది. ఆ దొంగకు తిండి తగ్గించడానికే మనం గ్రీజు పెట్టేది."

పిల్లలూ, బలం యింతలు పెరిగిందని సంబరపడకండి. బలంలో లాభం వచ్చినన్ని రెట్లు దూరంలో నష్టం వస్తుంది. తలుపు ఒక అడుగు లేవాలంటే పిడి చివర ఇరవై అయిదడుగులు తిరగాలి. అంటే మూడు చుట్లకు పైనే. ప్రకృతి దగ్గర ఉచితంగా వచ్చేది ఏదీ లేదు.

ఇక నాలుక సంగతి. బరువును సగం దాకా ఎత్తి చెయ్యి వదిలితే ఏమవుతుంది? బరువు కిందికి లాగేస్తుంది, పిడి గిర్రున వెనక్కు తిరుగుతుంది. అలా జరగకుండా ఇరుసుమీద రంపంలాంటి వాలుపళ్ళ చక్రం ఒకటి ఉంటుంది. దానిమీద వేలెడంత ఇనపముక్క వాలి ఉంటుంది. అదే నాలుక. ముందుకు తిప్పితే అది పన్నుమీదనుంచి పన్నుమీదికి జారుతూ టక్కుటక్కుమంటుంది. వెనక్కు తిరగబోతే పన్ను సందున అడ్డుపడి ఆపేస్తుంది. నాలుక వెనుక చిన్న స్ప్రింగు ఉండి, దాన్ని ఎప్పుడూ పళ్ళమీదికి నొక్కుతూ ఉంటుంది. అంత బరువునూ ఆపేది ఆ వేలెడు ముక్క. ఆ ముక్కను దాని చోట నిలిపేది పూచికపుల్లంత స్ప్రింగు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీళ్ళు ఆపి, పూడిక తీసి, తలుపులూ తూములూ బాగుచేసే కాలమది. మామయ్య వించిని విప్పేది కూడా అప్పుడే. నాకు అది పండుగ.

ముందుగా వేపచెట్టు కింద గోనెపట్టా పరిచి, దానిమీద పాత తెల్లపంచె వేసేవాడు. విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరుసలోనే ఎడమనుంచి కుడికి పేర్చేవాడు. మళ్ళీ బిగించేటప్పుడు కుడినుంచి ఎడమకు వస్తే సరి, ఒక్కటీ మిగలదు, ఒక్కటీ తక్కువ కాదు. "జ్ఞాపకం మీద ఆధారపడేవాడికి చివర ఒక మర మిగులుతుంది," అనేవాడు.

తరవాత ముక్కలన్నీ కిరసనాయిలు పోసిన పళ్ళెంలో నానవేసేవాళ్ళం. పళ్ళ సందుల్లో మురికి తీయడం నా పని. దానికి కుంచె ఏమిటో తెలుసా? నమిలిన వేపపుల్ల! పాత గ్రీజు నల్లగా, ఇసక కలిసి ఉండేది. మామయ్య దాన్ని రెండు వేళ్ళమధ్య రాచి నాకు చూపేవాడు. గరగరమనేది. "చూశావా? గ్రీజులో ఇసక కలిస్తే అది గ్రీజు కాదు, ఆకురాయి. చక్రాన్ని నెమ్మదిగా అరగదీస్తుంది. అందుకే పాతదానిమీద కొత్తది పులమకూడదు. పాతది కడిగి, ఆరబెట్టి, అప్పుడు కొత్తది."

కడిగి తుడిచిన ముక్కలను ఒక్కొక్కటే ఎండలో తిప్పి చూసేవాడు. పన్ను విరిగిందా? నెర్రె ఉందా? గొలుసులో ప్రతి లంకెనూ వేలితో తడిమేవాడు. లంకెలు ఒకదానినొకటి రాచుకునే చోట అరుగుదల ఎక్కువ కనక అక్కడే ఎక్కువసేపు చూసేవాడు. అటుతరవాత పళ్ళకు పలచగా గ్రీజు. నాలుకకూ, దాని సీలకూ, స్ప్రింగుకూ మాత్రం గ్రీజు కాదు. కోడి ఈకను పలచని నూనెలో ముంచి ఒక్క చుక్క. అంతే.

"పళ్ళకు గ్రీజు, నాలుకకు నూనె. ఇది మరిచిపోకు," అని ప్రతి ఏడూ చెప్పేవాడు. ఎందుకో మాత్రం నేను అడగలేదు. అడగవలసింది.

ఆ ఏడు వించి బిగించడం అయిపోయింది. మామయ్య బరువు లేకుండా ఒకసారి తిప్పి చూసుకున్నాడు. టక్కుటక్కుమని చక్కగా మోగింది. ఆయన భోజనానికి వెళ్ళాడు. డబ్బా అడుగున కొంచెం గ్రీజు మిగిలింది.

మా తాతయ్య బండి ఇరుసుకు కందెన వేసేటప్పుడు, వరిగడ్డి మసి ఆముదంలో కలిపి, దండిగా పూసేవాడు. ఎంత వేస్తే అంత మంచిదని నా నమ్మకం. పాపం, నాలుకకు ఒక్క చుక్క నూనేనా? నేను మిగిలిన గ్రీజంతా తీసి నాలుక చుట్టూ, దాని వెనుక స్ప్రింగు సందులో, వేలితో కుక్కి పెట్టాను. చేసిన పని ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు వదిలిన రోజున వించి మెత్తగా తిరుగుతూంటే, అప్పుడు చెప్పి మెప్పు పొందుదామనుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఎండిన కాలువలోనుంచి వడగాలికి దుమ్ము లేచింది. వరిగడ్డి తుంపులు ఎగిరాయి. అదంతా నేను పెట్టిన గ్రీజుకు అంటుకుని, ఎండకు బిగిసి, బంక అయింది. మూత లోపల జరిగిన ఈ సంగతి ఎవరికీ కనపడలేదు.

జూన్‌లో కాలువలు వదిలారు. నారుమళ్ళకు నీళ్ళకోసం రైతులు తూము దగ్గర కాచుకుని ఉన్నారు. మామయ్య పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. నేను పక్కనే నిలబడ్డాను. గొలుసు బిగిసింది, తలుపు కదిలింది. నాలుగు చుట్లు తిరిగాయి.

టక్కుటక్కు చప్పుడు లేదు.

ఆ సంగతి నాకు తెలిసింది. పిల్లలూ, యిది దాచకుండా చెబుతున్నాను. చప్పుడు లేదని నేను గమనించాను. గమనించి, "నా గ్రీజు వల్లనే యింత మెత్తగా తిరుగుతున్నది," అని లోలోపల పొంగిపోయాను. మామయ్య రైతులతో మాట్లాడుతూ, నీళ్ళ హోరులో, దాన్ని గమనించలేదు. తలుపు సగం లేచాక, చెమట తుడుచుకోవడానికి పిడి వదిలాడు.

పిడి గిర్రున వెనక్కు తిరిగింది. తుండుగుడ్డ కోసం చాచిన ఆయన కుడి ముంజేతిని కొట్టింది. తలుపు దభీమని పడి, గాడిలో వంకరగా యిరుక్కుపోయింది.

మామయ్యను బండిలో విజయవాడ తీసుకువెళ్ళారు. ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. తలుపు సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నారుమళ్ళు ఎండుముఖం పట్టాయి. రైతులు వచ్చి, "ఎలా జరిగింది?" అని అడిగేవారు. అత్తయ్య, "మా ఖర్మ," అనేది. నేను తలుపుచాటున ఉండి అన్నం సరిగా తినలేకపోయాను.

నాలుగో రోజున మామయ్య చేతికి కట్టుతోనే తూము దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెనుకనే వెళ్ళాను. ఎడమచేత్తో మూత తీశాడు. మేకుతో నాలుక వెనుక గెలికాడు. ఇసక, గడ్డి, గ్రీజు కలిసిన నల్లటి ముద్ద ఊడి వచ్చింది. నాలుక టప్పున పన్నుమీదికి వాలింది. స్ప్రింగు బాగానే ఉంది. బంకలో చిక్కుకుని అది నాలుకను నెట్టలేకపోయింది, అంతే.

మామయ్య ఆ ముద్దను చూసి, నా వైపు చూశాడు. ఏమీ అడగలేదు.

"నేనే పెట్టాను మామయ్యా," అన్నాను. ఏడుపు ముంచుకొచ్చింది. చప్పుడు రాలేదని తెలిసీ చెప్పలేదన్న సంగతి కూడా చెప్పేశాను. అది చెప్పడమే ఎక్కువ కష్టమైంది.

ఆయన చాలాసేపు గట్టుమీద కూర్చున్నాడు. తరవాత అన్నాడు: "పెట్టింది నువ్వు. మూడు వారాల తరవాత మూత తీసి చూడకుండా తిప్పింది నేను. ఇద్దరం తప్పు చేశాం. నూనె తక్కువైతే యంత్రం కీచుమని ఏడుస్తుంది, మనకు వినిపిస్తుంది. నాలుకకు గ్రీజు ఎక్కువైతే నోరు మూసుకుంటుంది. ఏడ్చే యంత్రం కన్నా నోరు మూసుకున్న యంత్రమే ప్రమాదం. మనిషీ అంతే. ఆవేళ నీకు చప్పుడు వినపడనప్పుడు నువ్వు నోరు తెరిచి ఉంటే నా చెయ్యి దక్కేది."

ఎముకలు అతుక్కున్నాయి గాని, ఆ మణికట్టు మళ్ళీ పూర్తిగా తిరగలేదు. అటుతరవాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మామయ్య ఎడమచేత్తోనే పిడి తిప్పాడు. రెండు కొత్త నియమాలు కూడా పెట్టుకున్నాడు. ఒకటి, వించిమీద ఎవరు ఆఖరున చెయ్యి వేసినా సరే, బరువు తగిలించే ముందు వట్టిగా తిప్పి చప్పుడు వినాలి. రెండు, నాలుక ఉన్నా సరే, బరువు వేలాడుతూంటే పిడికి ఎదురుగా చెయ్యి చాచకూడదు.

ఏళ్ళు గడిచాయి. ఈ మధ్య నేను విశాఖపట్నం వెళ్ళినప్పుడు రేవులో ఒక తెరచాప పడవను చూశాను. మన కాలువ పడవ వంటిది కాదు, సముద్రంమీద పోయేది. దాని పక్కలమీద గిన్నె బోర్లించినట్టు మెరిసే ఇనప డోళ్ళున్నాయి. అవీ వించీలే! తెరచాపకు గాలి పట్టినప్పుడు దాని తాడును చేత్తో లాగి నిలపడం మనిషి తరం కాదు. తాడును డోలు చుట్టూ మూడు నాలుగు చుట్లు తిప్పి, పైన పిడి పెట్టి తిప్పుతారు. చుట్టు చుట్టుకూ తాడుకూ డోలుకూ మధ్య రాపిడి గుణించుకుంటూ పోతుంది. కాబట్టి తాడు కొసను కొద్ది బలంతో పట్టుకుంటే చాలు. కాలువ దగ్గర దొంగ అనుకున్న రాపిడి యిక్కడ కాపలాదారైంది!

అక్కడొక కుర్రవాడు వించిని విప్పి గుడ్డమీద ముక్కలను వరుసగా పేర్చుకుంటున్నాడు. నేను కూర్చుని చూశాను. డోలు పైకి తీసే ముందు, అడుగు తీసేసిన అట్టపెట్టెను దాని చుట్టూ పెట్టాడు. ఎందుకని అడిగితే నవ్వి, "లోపల చిన్న స్ప్రింగులుంటాయండీ. ఎగిరి సముద్రంలో పడితే మళ్ళీ దొరకవు," అన్నాడు. ముందు మంచినీళ్ళతో ఉప్పు కడిగాడు. ఉప్పునీరు ఆరిపోయినా ఉప్పు పలుకులు మిగిలి లోహాన్ని తినేస్తాయి. తరవాత పాత గ్రీజు కడిగాడు. చక్రాలకు పలచగా కొత్త గ్రీజు రాశాడు. నా గుండె కొట్టుకుంటూండగా అడిగాను: "బాబూ, నాలుకకు ఏం పెడతావు?"

"నూనె చుక్కండీ. గ్రీజు పెడితే నాలుక అంటుకుపోతుంది. పిడి వెనక్కు తిరిగి చెయ్యి విరుగుతుంది," అన్నాడు.

నాకు మా మామయ్య గొంతు వినపడినట్టయింది.

ఆ వించిలో మరో విచిత్రం చూశాను. పిడిని కుడివైపుకు తిప్పినా, ఎడమవైపుకు తిప్పినా డోలు మాత్రం ఒకే వైపుకు తిరుగుతుంది! ఒకవైపు తిప్పితే వేగంగా, రెండోవైపు తిప్పితే నెమ్మదిగా, కాని ఎక్కువ బలంతో. ఇదంతా లోపల ఉన్న చక్రాలూ నాలుకలూ చేసే పని. ఒక వైపు తిప్పినప్పుడు ఒక జత నాలుకలు పట్టుకుంటే రెండో జత జారుతుంది. అటు తిప్పితే యిది జారి అది పట్టుకుంటుంది. ఏ నాలుకనైనా వెనుక ముందులుగా పెట్టి బిగించారో, వించి పనిచేయదు.

2017 సెప్టెంబరు 10న మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు, వర్తికా జోషి నాయకత్వంలో, 'తారిణి' అనే తెరచాప పడవమీద గోవానుంచి బయలుదేరారు. పడవ పొడుగు పదిహేడు మీటర్లు మాత్రమే. ఆస్ట్రేలియా, న్యూజీలండ్, ఫాక్‌లండ్ దీవులు, దక్షిణాఫ్రికా, మారిషస్ రేవుల్లో ఆగి, భూమిని చుట్టి, 2018 మే 21న గోవాకు తిరిగివచ్చారు. సుమారు నలభైవేల కిలోమీటర్ల ప్రయాణం! వారిలో విశాఖపట్నం అమ్మాయి స్వాతీ, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్యా ఉన్నారు. పసిఫిక్ మహాసముద్రం నడుమ వించి మొరాయిస్తే కబురంపడానికి వీధి చివర కమ్మరి ఉండడు కదా! పడవలో ఉన్నవాళ్ళే విప్పాలి, కడగాలి, బిగించాలి. అటువంటి ప్రయాణంలో ధైర్యం ఎంత అవసరమో, వేళకు వేసే నూనె చుక్కా అంత అవసరమే.

ఇక మళ్ళీ మన కృష్ణ దగ్గరికి వద్దాం. పాత ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని బదులు 1954లో మొదలుపెట్టి 1957లో పూర్తిచేసిందే ప్రకాశం బ్యారేజి. దానిమీద డెబ్బై గేట్లున్నాయి. ఒక్కొక్కటి నలభై అడుగుల వెడల్పు, పన్నెండడుగుల ఎత్తు. గేటుకు ఒక పక్క గేటు, రెండో పక్క దానికి తూకంగా ఒక బరువు వేలాడుతూంటాయి, త్రాసులో రెండు తట్టల్లాగ. అందువల్ల యంత్రం గేటు బరువంతా ఎత్తనక్కరలేదు, తేడా మాత్రం ఎత్తితే చాలు.

2024 ఆగస్టు 10 రాత్రి, ఎగువన తుంగభద్ర డ్యాములో పందొమ్మిదో గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఆ నీళ్ళమీద కర్ణాటక రైతులతోపాటు మన రాయలసీమ రైతులూ ఆధారపడి ఉన్నారు. నీళ్ళు ధారగా పోతూండగానే ఉక్కుపలకలను ఒకదానిమీద ఒకటి దించి, వారం రోజుల్లో ఆ సందు మూశారు. అది జరిగి నెల తిరగకముందే, సెప్టెంబరు ఒకటిన, కృష్ణ వరదలో కొట్టుకువచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజిని ఢీకొన్నాయి. కొన్ని గేట్ల దగ్గర తూకపు బరువులు దెబ్బతిన్నాయి. ఆ మర్నాడు బ్యారేజి గుండా 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పోయింది. అంతకు ముందెన్నడూ అంత వరద అక్కడ నమోదు కాలేదు. వరద తీశాక పాడైన బరువులు తీసి కొత్తవి పెట్టారు. ఈ రెండు చోట్లా పనికి దారి చూపినవారు గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారు.

ఆ వార్తలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వేపచెట్టు కింద కూర్చుని గొలుసు లంకెలను ఒక్కొక్కటే తడిమే మామయ్య వేళ్ళే కళ్ళముందు ఆడాయి. ఆ వరదలో కూడా తక్కిన గేట్లు లేచాయంటే, ఎందరో పేరు తెలియని పనివాళ్ళు ఎండాకాలంలో వాటిని తుడిచి, కడిగి, గ్రీజు పెట్టి ఉండబట్టే కదా! గేటు లేచిన రోజున అందరూ చూస్తారు. గ్రీజు పెట్టిన రోజున ఎవరూ చూడరు.

పిల్లలూ, మీ యింట్లో వించి ఉండకపోవచ్చు. కాని సైకిలు ఉందిగా? దాన్ని స్టాండు వేసి, పెడలును వెనక్కు తిప్పండి. టిక్కుటిక్కుమంటుంది. ఆ చప్పుడు ఎవరిదనుకున్నారు? వెనక చక్రం ఫ్రీవీలులో ఉన్న నాలుకలదే! మా మామయ్య వించిలో ఉన్నదానికి చిట్టితమ్ముళ్ళన్నమాట. ఎప్పుడైనా ఆ చప్పుడు మందగించినా, పెడలు ముందుకు తొక్కినప్పుడు పట్టు జారినా, మురికి కడిగించి పలచని నూనె వేయించండి. మీకై మీరు విప్పకండి. వేళ్ళు చక్రానికీ గొలుసుకూ మధ్య పెట్టకండి.

మరొక పరీక్ష. నున్నటి రోకలిని ఇద్దరు స్నేహితుల చేత అడ్డంగా గట్టిగా పట్టించండి. దానిమీదుగా ఒక తాడు వేసి, ఒక కొసకు నీళ్ళ చెంబు కట్టి, రెండో కొస మీరు పట్టుకోండి. తాడును రోకలికి ఒక చుట్టు చుట్టి చూడండి, తరవాత రెండు, ఆ తరవాత మూడు. చుట్టు పెరిగేకొద్దీ మీ చేతిమీద బరువు ఎలా తగ్గిపోతుందో మీకే తెలుస్తుంది.

చివరగా ఒక్క మాట. రోజూ వినపడే చప్పుడు ఏదైనా ఒకనాడు వినపడకపోతే, అది యంత్రానిదైనా, యింట్లో మనిషిదైనా, వెంటనే పెద్దవాళ్ళతో చెప్పండి. మెప్పు పోతుందనో, చీవాట్లు పడతాయనో ఊరుకోకండి. నేను ఊరుకున్నాను. మా మామయ్య ఎడమచేత్తో పిడి తిప్పుతూంటే చూడవలసివచ్చింది.